ఆర్‌కే బీచ్‌కి కొత్త ప్లాన్ అంటే ముందు ఇసుక సంగతి తేల్చాలి: మీరేమంటారు?

ఉప్పుగాలి | శనివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మాది విశాఖలో చినవాల్తేరు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఇప్పుడు పిల్లలకి పాఠాలు చెప్పేదీ ఇక్కడే. ఈ వారం ఒక సమావేశానికి వెళ్ళాను. బీచ్‌రోడ్డు అభివృద్ధి గురించి స్క్రీన్ మీద బొమ్మలు చూపించారు. రంగురంగుల బల్లలు, సెల్ఫీ పాయింట్లు, ఫుడ్ కోర్టులు, రాత్రి వెలిగే ఫౌంటెన్లు. బొమ్మల్లో బీచ్ చాలా వెడల్పుగా ఉంది. అంత ఇసుక నేను చిన్నప్పుడు కూడా చూడలేదు.

చివర్లో లేచి ఒక్క ప్రశ్న అడిగాను. "ఈ ఇసుక ఎక్కడి నుంచి వస్తుందండీ?" అని. "అది వేరే డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది మేడమ్" అన్నారు. కూర్చున్నాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి కాళీమాత గుడి నుంచి కోస్టల్ బ్యాటరీ వైపు నడిచాను. ఒకచోట ఇసుకలోకి దిగే మెట్లున్నాయి. పోయిన ఏడాది ఆఖరి మెట్టు ఇసుకలో సగం కూరుకుపోయి ఉండేది. ఇప్పుడు ఆ మెట్టు కింద ఖాళీ. కాలు కిందికి వేలాడేస్తే నేల తగల్లేదు. మా అమ్మాయి ఎనిమిదేళ్ళది, దాన్ని ఎత్తుకుని దించాల్సి వచ్చింది. మెట్టు అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఇనుప చువ్వ బయటపడింది. తుప్పు నీళ్ళు గోడ మీద చారలు కట్టాయి.

సలహాలు రాసివ్వమన్నారు, రాస్తాను. కానీ బల్లల రంగు గురించి రాయను. తీరం గురించి తెలిసినవాళ్ళు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కదా. ఏం అడగాలో, ఎలా అడగాలో చెప్పండి.

—

వైజాగ్‌వాలా_88 | శనివారం, రాత్రి 8:41

అక్కా, మంచి టాపిక్. హుద్‌హుద్ అప్పుడు నేను ఇంటర్. 2014 అక్టోబరు 12 తుపాను దాటాక మూడో రోజు బీచ్‌రోడ్డుకి వెళ్తే రోడ్డు ముక్కలు ముక్కలుగా ఉంది. తరవాత ప్రపంచ బ్యాంకు డబ్బులు వచ్చాయని విన్నాం. అవి బీచ్‌కి ఏం చేశాయో ఎవరైనా చెప్తే వింటాను.

—

ఇసుకలెక్క | శనివారం, రాత్రి 10:05

ఉప్పుగాలి గారూ, మీరు అడిగింది సరైన ప్రశ్న. డ్రెడ్జింగ్ (సముద్రం అడుగున ఇసుక తవ్వి తీసే) పనిలో ముప్పై ఏళ్ళు గడిపి రిటైరయ్యాను. తెలిసినంత చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

బీచ్‌ని మనం స్థలం అనుకుంటాం. అది స్థలం కాదు, ప్రయాణంలో ఉన్న ఇసుక. మన తీరంలో దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు నైరుతి దిక్కు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి. ప్రతి అలా ఇసుకని కొంచెం పైకి తోసి, కొంచెం ఉత్తరంగా జరిపి వదులుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇదే పని దక్షిణానికి జరుగుతుంది. కానీ ఆ నెలలు తక్కువ. ఏడాది మొత్తం మీద లెక్క వేస్తే ఇసుక ఉత్తరానికే పోతుంది. అంటే ఆర్‌కే బీచ్‌కి ఇసుక గంగవరం, యారాడ వైపు నుంచి, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టూ తిరిగి రావాలి.

ఆ దారిలో మనం ఏం పెట్టాం? 1933లో ఇన్నర్ హార్బర్ తెరిచారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, దాంతో సముద్రంలోకి పొడవాటి రాతికట్టలు వచ్చాయి. ఇంకా దక్షిణాన 2009లో గంగవరం పోర్టు మొదలైంది. పోర్టు వద్దని నేను అనను. నాకు అన్నం పెట్టింది అదే. కానీ రాతికట్ట దక్షిణం పక్క ఇసుక మేట వేస్తే, ఉత్తరం పక్క కోత మొదలవుతుంది. ఇసుక ఉత్తరానికి పోయే తీరం ఎక్కడైనా ఇది అంతే. ఈ సంగతి పోర్టు కట్టినవాళ్ళకీ తెలుసు. అందుకే దక్షిణాన శాండ్ ట్రాప్ అని సముద్రం అడుగున పెద్ద గొయ్యి ఏర్పాటు చేశారు. ఇసుక అందులో పడుతుంది. డ్రెడ్జర్ దాన్ని తీసి, ఉత్తరానికి తెచ్చి, కోస్టల్ బ్యాటరీ దగ్గర పైపుల్లో నీళ్ళతో కలిపి ఒడ్డుకి కొడుతుంది. అక్కడి నుంచి అలలే దాన్ని ఆర్‌కే బీచ్ వైపు పంచుతాయి.

కాబట్టి మీరు నడిచే ఇసుకలో చాలా భాగం మనిషి చేత్తో వడ్డించింది. ఒక ఏడాది వడ్డన ఆలస్యమైనా, తగ్గినా, మీ మెట్టు కింద ఖాళీ కనిపిస్తుంది.

ప్లానులో ముందు పేజీలో ఉండాల్సింది ఇదీ: ఏడాదికి ఎన్ని క్యూబిక్ మీటర్ల ఇసుక, ఏ నెలలో, ఎవరి ఖర్చుతో, ఏ చోట వేస్తారు, వేశాక ఎవరు కొలుస్తారు. ఇప్పటిదాకా అది పోర్టు, కార్పొరేషన్ మధ్య ఉత్తరాల వ్యవహారంగా నడుస్తోంది. బీచ్ ప్లానులో భాగం కావాలి.

—

పెదజాలారి | శనివారం, రాత్రి 11:20

ఇసుకలెక్క మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. మాది పెదజాలారిపేట. మా నాన్న, తాత సముద్రం మీదే బతికారు. నేను డిగ్రీ చదివి షాపులో పని చేస్తున్నా, సెలవు రోజు వచ్చిందంటే నాన్నతో పడవెక్కుతాను.

మాకు బీచ్ అంటే నడకకి వెళ్ళే చోటు కాదు. పడవ లాగి పెట్టుకునే చోటు, వల ఆరేసుకునే, బాగు చేసుకునే చోటు. కవ్వళ్ళు, నెత్తళ్ళు ఎక్కువ పడిన రోజు మా అమ్మ, పిన్నులు ఎండబెట్టుకునేది కూడా అక్కడే. కోత పడినప్పుడు ఒడ్డు గోడలా నిలువుగా తెగుతుంది. మనిషెత్తు లేకపోయినా నడుమెత్తు ఉంటుంది. పడవని ఆ గోడ ఎక్కించాలంటే పదిమంది కావాలి. వాకింగ్‌కి వచ్చేవాళ్ళకి అది ఫోటో. మాకు నడుము నొప్పి.

నాన్న ఒక మాట అంటారు. "గంగమ్మ ఇసుక తీసుకుంటే మళ్ళీ ఇస్తాది, రాయి పెడితే మాత్రం ఇవ్వదు" అని. రాళ్ళు వేసిన చోట అల రాయిని కొట్టి వెనక్కి వేగంగా పోతుంది, ఉన్న ఇసుకని కూడా లాక్కుపోతుంది. ఇది మేం పుస్తకంలో చదవలేదు. అక్కడ పడవ దించలేక తెలుసుకున్నాం.

ఇంకో సంగతి. మా వైపు ఒడ్డున యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్స్ (సైనికులు లోపల ఉండి కాల్పులు జరిపే చిన్న గది) ఉంది. 1942లో విశాఖ మీద జపాన్‌వాళ్ళు బాంబులేసిన రోజుల నాటిది. దాన్ని సైనికులు ఒడ్డున నేల మీద కట్టారు. నా చిన్నప్పుడు అది చాలా వరకు ఇసుకలో ఉండేది. ఇప్పుడు ఒకోసారి అలలు దాని చుట్టూ తిరుగుతుంటాయి. ఒడ్డు ఎటు జరిగిందో చెప్పడానికి దానికి మించిన కొలబద్ద లేదు.

సలహాల్లో మా పేట పేరు రాయండి మేడమ్. బొమ్మల్లో మా పడవలు ఉన్నాయా? ఉంటే అలంకారానికా, నిజంగా లంగరు వేసుకోడానికా? అది అడగండి.

—

మిక్చర్_బండి_అమ్మాయి | ఆదివారం, ఉదయం 6:50

అందరూ పెద్దవాళ్ళు, తప్పుగా అనుకోకండి. మా అమ్మ పదహారేళ్ళుగా ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి పెడుతోంది. నా చదువంతా ఆ బండి మీదే. బల్లలు, లైట్లు, బాత్‌రూములు ముఖ్యం కాదన్నట్టు మీరు రాస్తుంటే నాకు కాస్త బాధగా ఉంది.

ఆదివారం సాయంత్రం జనం ఎంతమంది వస్తారో మీకు తెలుసు. ఆడవాళ్ళకి బాత్‌రూమ్ లేక అమ్మ మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగదు. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చాకే తాగుతుంది. ఎండాకాలంలో కూడా. వెలుతురు లేనిచోట బండి పెట్టాలంటే మాకు భయం. జనం రావాలంటే అందంగా ఉండాలి. వాళ్ళు వస్తేనే మాకు తిండి. కొత్త ప్లాన్ అన్నప్పుడల్లా ముందు బళ్ళు తీసేస్తారు, తరవాత అద్దాల స్టాళ్ళు కట్టి వేలం వేస్తారు. ఆ అద్దె మేం కట్టలేం. నా భయం అది.

ఇసుక ముఖ్యమే, నేను కాదనను. కానీ ఇసుక మీద బతికే మనుషుల్లో మేమూ ఉన్నాం.

—

ఉప్పుగాలి | ఆదివారం, ఉదయం 7:30

అమ్మాయీ, నువ్వు రాయడం చాలా మంచిదైంది. బాత్‌రూమ్ సంగతి నాకు తట్టనే లేదు. నేను గంట నడిచి ఇంటికెళ్ళిపోతాను కాబట్టి తట్టలేదు. అది తప్పకుండా రాస్తాను. మీ అమ్మగారు నీళ్ళు తాగకపోవడం గురించి నువ్వు రాసినట్టే రాస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే.

—

ప్లానింగ్_బల్ల | ఆదివారం, ఉదయం 9:40

పట్టణ ప్రణాళిక నా వృత్తి. మిక్చర్_బండి_అమ్మాయి అడిగినదానికీ, ఇసుకలెక్క గారు చెప్పినదానికీ చట్టంలో చోటుంది. అది చాలామందికి తెలియదు.

కోస్టల్ రెగ్యులేషన్ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు మొదట 1991లో వచ్చాయి, 2011లో మార్చారు, 2019లో మళ్ళీ మార్చారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు చేరే గీతని హై టైడ్ లైన్ అంటారు. తీరం వెంట అక్కడి నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా ఈ నిబంధనల పరిధి. పోటు గీతకీ పాటు గీతకీ మధ్యనున్న ఇసుకకి గట్టి రక్షణ ఉంది. ఆర్‌కే బీచ్ లాంటి ఇప్పటికే కట్టడాలు నిండిన నగర తీరం సీఆర్‌జెడ్-2 కిందికి వస్తుంది. అక్కడ కొత్త భవనం కట్టాలంటే ఇప్పటికే ఉన్న రోడ్డుకి గానీ, అనుమతి ఉన్న పాత కట్టడానికి గానీ భూమి వైపునే కట్టాలి. సముద్రం వైపు కాదు. ఇసుక దిబ్బల్ని చదును చేయకూడదు. శుద్ధి చేయని మురుగు వదలకూడదు.

అదే 2019 నోటిఫికేషన్‌లో బీచ్‌ల మీద తాత్కాలిక సదుపాయాలకి అనుమతి ఉంది. టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీళ్ళు, కూర్చునే చోట్లు, చిన్న షాక్‌లు (గుడిసెల్లాంటి దుకాణాలు). హై టైడ్ లైన్‌కి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. 'తాత్కాలిక' అన్న మాటే ఇక్కడ ప్రాణం. తుపాను హెచ్చరిక వస్తే విప్పి తీసుకెళ్ళగలిగేలా ఉండాలి. మీ అమ్మగారి బండి సరిగ్గా అలాంటిదే అమ్మా. చక్రాలున్న బండిని అద్దాల స్టాలుగా మార్చడం ప్లానింగ్ పరంగా కూడా వెనకడుగే.

హుద్‌హుద్ డబ్బు గురించి అడిగారు. 2015లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టుకి 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. కరెంటు తీగలు భూమిలోకి దించడం, తుపాను షెల్టర్లు, రోడ్లు, వాటితో పాటు విశాఖ బీచ్ ఫ్రంట్ పనులు కూడా అందులో భాగం. తీరాన్ని ఒక విపత్తు ప్రాజెక్టులో పెట్టడం నాకు నచ్చిన విషయం. బీచ్‌ని పార్కుగా కాకుండా నగరానికి అడ్డుగోడగా చూశారు. ఆ చూపు మళ్ళీ రావాలి.

ఒక చేదు అనుభవం కూడా గుర్తుంచుకుందాం. 2024 ఫిబ్రవరిలో ఆర్‌కే బీచ్‌లో తేలియాడే వంతెన మొదలుపెట్టారు. మర్నాడే చివరి వేదిక విడిపోయి సముద్రంలోకి జరిగింది. అదృష్టం, ఎవరూ దాని మీద లేరు. సముద్రం ఎప్పుడెలా ఉంటుందో అక్కడి జాలరిని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు.

—

పెదజాలారి | ఆదివారం, ఉదయం 10:02

చెప్పేవాళ్ళమే సార్. ఎవరూ అడగలేదు.

—

చెన్నపట్నం_తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

చెన్నై నుంచి రాస్తున్నాను, మా తాతలు నెల్లూరు నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడ్డారు. మీ చర్చ చదువుతుంటే మా ఊరి కథే మళ్ళీ విన్నట్టుంది.

మెరీనా బీచ్ అంత వెడల్పు దేవుడిచ్చింది అనుకుంటారు అందరూ. 1870ల్లో మద్రాసు హార్బర్ కట్టడం మొదలుపెట్టారు. ఆ గోడలకి దక్షిణాన ఇసుక మేట వేస్తూ పోయింది. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ అక్కడ షికారు దారి వేయించి దానికి మెరీనా అని పేరు పెట్టారు. ఇవాళ లక్షలమంది తిరిగే బీచ్ అదే.

ఆ ఇసుక ఎవరిది? మాది. హార్బర్‌కి ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూర్, ఎన్నూరు. అటు రావాల్సిన ఇసుక దక్షిణాన ఆగిపోయింది. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు ఇంటి ముందు వీధి, ఆ వీధి ముందు ఇంకో వీధి, దాని ముందు ఇసుక ఉండేవని. నేను పుట్టేసరికి రోడ్డు, రోడ్డు పక్కన నల్లరాళ్ళ గుట్ట. అంతే. మా వీధి పిల్లలకి సముద్రం వినిపిస్తుంది, కాళ్ళు తడుపుకోవడానికి మాత్రం దొరకదు. బస్సెక్కి మెరీనా వెళ్ళాలి.

ఒకే నగరంలో ఒక బీచ్ పెరిగి, ఒక బీచ్ పోయింది. మీరు ఆర్‌కే బీచ్‌కి గ్రోయిన్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా వేసే కట్టలు), రాళ్ళ గోడలు అడిగేముందు, దానికి ఉత్తరాన లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ ఏమవుతాయో అడగండి. అక్కడ కూడా ఎవరో ఒక నాయనమ్మ ఉంటుంది.

—

జాందానీ_ఉప్పాడ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

కాకినాడ దగ్గర ఉప్పాడ మాది. చీరల ఊరుగానే అందరికీ తెలుసు. మా ఊరు కొంచెం కొంచెంగా సముద్రంలో కలుస్తోంది. గుళ్ళు, బళ్ళు, ఇళ్ళు పోయాయి. తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ ఉప్పాడ బీచ్‌రోడ్డు తెగిపోవడం, మళ్ళీ వేయడం.

దశాబ్దంన్నర క్రితం జియోట్యూబులతో గోడ కట్టారు. బట్టలాంటి పెద్ద గొట్టాల్లో ఇసుక నింపి, వాటి మీద రాళ్ళు వేశారు. మొదట్లో ఊరంతా సంతోషపడ్డాం. తరవాత రాళ్ళు జారాయి, గొట్టం బయటపడింది, చిరిగింది, లోపలి ఇసుక పోయింది. చిరిగిన గుడ్డ ఒడ్డున చాలా కాలం ఎగురుతూ ఉండేది. కట్టినదాన్ని ఏటా చూసుకునే డబ్బు, మనిషి లేకపోతే ఏ గోడా నిలవదు. ప్లానులో కట్టడానికి ఎంత అని కాదు, తరవాత పదేళ్ళు చూసుకోవడానికి ఎంత అని అడగండి.

—

వైజాగ్‌వాలా_88 | ఆదివారం, మధ్యాహ్నం 2:00

మరి గోడ వద్దు, రాళ్ళు వద్దు అంటే ఏం చేయాలి? ఎక్కడైనా బీచ్ తిరిగొచ్చిందా అసలు?

—

ఇసుకలెక్క | ఆదివారం, సాయంత్రం 4:45

వచ్చింది తమ్ముడూ. పుదుచ్చేరి చూడు. 1980ల చివర్లో అక్కడ హార్బర్ కట్టలు వేశాక ప్రామెనేడ్ ముందున్న బీచ్ మొత్తం పోయింది. చాలా ఏళ్ళు అక్కడ నల్లరాళ్ళే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 2018లో నీటి అడుగున ఉక్కుతో ముక్కోణం లాంటి రీఫ్ ఒకటి దింపారు. అది అల బలాన్ని ఒడ్డుకి రాకముందే తగ్గిస్తుంది. దాని వెనక ఇసుక నింపారు. పాత బీచ్‌లో ఒక ముక్క తిరిగొచ్చింది. పెద్దవాళ్ళు చిన్నప్పుడు ఆడుకున్న చోట మనవలు ఆడుకున్నారు. నేను వెళ్ళి చూశాను.

అయితే పుదుచ్చేరి మందు విశాఖకి అలాగే పనిచేస్తుందని చెప్పను. మన దగ్గర కెరటం వేరు, అడుగు లోతు వేరు, పక్కనే కొండ ఉంది. ముందు కొలవాలి. కనీసం ఏడాది, అన్ని రుతువుల్లో. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు దేశ తీరాన్ని ఉపగ్రహ చిత్రాలతో కొలిచింది. మూడో వంతు, 33.6 శాతం తీరం కోతలో ఉందని తేల్చింది. అంత పెద్ద లెక్క చేయగలిగిన దేశంలో నాలుగైదు కిలోమీటర్ల ఆర్‌కే బీచ్‌ని నెలనెలా కొలిచి బోర్డు మీద పెట్టడం కష్టం కాదు.

పైపులో వచ్చే ఇసుక గురించి ఒక మాట. అది మొదట నల్లగా, కాస్త వాసనగా ఉంటుంది. జనం మురుగు వదిలారని ఫోన్లు చేస్తారు. కొన్నాళ్ళకి ఎండకి, అలకి కడిగిపోయి మామూలు రంగుకి వస్తుంది. అసలు మురుగు మాత్రం వేరే ఉంది, దాని గురించి ఎవరైనా రాయాలి.

—

సరుగుడుతోట | ఆదివారం, సాయంత్రం 6:20

నేను రాస్తాను మాస్టారూ. జనవరి నుంచి తాబేళ్ళ గుడ్ల కోసం తెల్లవారుజామున తీరం వెంట తిరిగే వాలంటీర్లలో నేనొకదాన్ని.

వాన పడిన మర్నాడు గెడ్డలు (వాగులు) బీచ్ మీద ఎలా పారతాయో చూడండి. వాన నీళ్ళ కోసం కట్టిన కాలవల్లోకి ఇళ్ళ మురుగు కలిసి, నల్లటి నీళ్ళు ఇసుకని చీల్చుకుని సముద్రంలోకి పోతాయి. ఆ చీలికకి రెండు పక్కలా ఇసుక విరిగి పడుతూ ఉంటుంది. అంటే మురుగుకీ కోతకీ సంబంధం ఉంది. పిల్లలు ఆ నీళ్ళలోనే కాళ్ళు పెట్టి ఆడతారు. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. నీటి పరీక్ష, శుభ్రత ఉంటేనే ఆ జెండా. 2025లో నిర్వహణ సరిగా లేదని కొన్నాళ్ళు జెండా దించాల్సి వచ్చింది. కాబట్టి జెండా తెచ్చుకోవడం ఒక పని, నిలబెట్టుకోవడం రోజూ పని.

ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుంత తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురు వైపు పాకుతాయి. చీకటి రాత్రి సముద్రం మీద కనిపించే పలచటి వెలుగే వాటికి దారి. మనం ఒడ్డున హైమాస్ట్ లైట్లు పెడితే అవి రోడ్డు వైపు పాకుతాయి. ఒకసారి రోడ్డు అంచున రాళ్ళ మధ్య ఇరుక్కున్న పిల్లని చూశాను. నా బొటనవేలంత ఉంది. రెక్కలు ఇంకా ఆడిస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నీళ్ళ దాకా తీసుకెళ్ళాను. ఇసుక మీద దించితే వెంటనే నడిచింది.

మిక్చర్ బండి అమ్మాయికి వెలుతురు కావాలి, అందులో అన్యాయం లేదు. లైటు కిందికి, రోడ్డు వైపుకి పడేలా, సముద్రం వైపు రేకు మూత పెట్టి, పసుపు రంగువి పెట్టొచ్చు. గుడ్ల కాలంలో ఇసుక వైపువి రాత్రి పదికి ఆపేయొచ్చు. ఇద్దరికీ సరిపోతుంది.

ఇంకోటి. బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ళగడ్డి, ఈ రెండూ ఇసుకని పట్టి దిబ్బ కట్టిస్తాయి. బీచ్ శుభ్రం చేసే యంత్రాలు వీటిని కలుపు మొక్కల్లా పీకేస్తున్నాయి. ఆ స్థానంలో గడ్డి లాన్ వేసి మంచినీళ్ళు పోస్తున్నారు. ఊరిపేరు రాయను, రెండుచోట్ల చూశాను.

—

మిక్చర్_బండి_అమ్మాయి | ఆదివారం, రాత్రి 7:05

సరుగుడుతోట అక్కా, అలాంటి లైటయితే మాకు చాలు. బండి మీద వెలుగు పడాలి, సముద్రం మీద కాదు కదా. అమ్మకి చదివి వినిపించాను. తాబేలు పిల్ల సంగతి విని, "మన బండి లైటు కూడా అటు తిప్పకు" అంది.

—

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 7:30

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క మనవి. ఫలానా హోటల్, ఫలానా కాంట్రాక్టరు అని పేర్లు పెట్టిన రెండు పోస్టులు తొలగించాను. విషయం మీదే ఉందాం.

—

ప్లానింగ్_బల్ల | ఆదివారం, రాత్రి 8:50

ఉప్పుగాలి గారూ, రాసేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగండి. హజార్డ్ లైన్. అలలు, కోత, సముద్రమట్టం పెరుగుదల లెక్కగట్టి ప్రమాదం ఎక్కడి దాకా వస్తుందో సర్వే ఆఫ్ ఇండియా గీసిన గీత అది. 2019 నిబంధనల్లో దాన్ని అనుమతులకి ముడిపెట్టలేదు, విపత్తు ప్రణాళికకి వాడమని వదిలేశారు. అందుకే చాలా డ్రాయింగుల్లో అది కనిపించదు. ఆ బొమ్మల మీద హజార్డ్ లైన్ గీసి చూపించమనండి. ఫౌంటెన్ దానికి ఏ పక్కన ఉందో అందరికీ కనపడుతుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను సమయంలో ఒడ్డు కోసుకుపోయి పిల్లల పార్కు గోడ కూలింది గుర్తుందా? ఆ పార్కు గీసిన రోజున ఎవరైనా ఈ గీత చూసుంటే పది అడుగులు వెనక్కి జరిపేవాళ్ళు.

మత్స్యకార గ్రామాలు, పడవలు ఆపుకునే చోట్లు, వలలు ఆరేసే చోట్లు తీర ప్రణాళిక మ్యాపులో గుర్తించాలని కూడా నిబంధన ఉంది. పెదజాలారి తమ్ముడు అడిగింది దయ కాదు, హక్కు.

—

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 10:10

రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. మొదటి వాక్యం ఇదీ: "ఆర్‌కే బీచ్‌కి ఏటా ఎంత ఇసుక వేస్తారో, ఎవరు వేస్తారో, ఎవరు కొలుస్తారో రాతపూర్వకంగా చెప్పాకే మిగతా పనులకి టెండర్లు పిలవండి." తరవాత ఉత్తరాన ఉన్న ఊళ్ళ మాట, పడవల చోటు, చక్రాల బళ్ళు, ఆడవాళ్ళ బాత్‌రూములు, లైట్ల మూతలు, గెడ్డల మురుగు, పదేళ్ళ నిర్వహణ ఖర్చు. అమ్మగారు నీళ్ళు తాగని సంగతి అమ్మాయి మాటల్లోనే పెట్టాను.

ఒక్కచోట ఆగిపోయాను. ఒడ్డు తగ్గిందని రాశాను. "ఎంత తగ్గింది?" అని వాళ్ళు అడిగితే నా దగ్గర చెప్పడానికి ఒక మెట్టు, ఒక ఎనిమిదేళ్ళ పిల్ల తప్ప ఏమీ లేవు.

—

పెదజాలారి | ఆదివారం, రాత్రి 10:32

ఉన్నాయి మేడమ్. మా నాన్న చదువుకోలేదు గానీ, మా ఇంటి ముందు గోడ నుంచి పోటు గీత దాకా ఏటా వినాయక చవితి నాడు అడుగులు లెక్కపెట్టి, తలుపు వెనక సుద్దతో రాస్తారు. చెరిగిపోకుండా నేను పెయింటుతో మళ్ళీ దిద్దాను. పంతొమ్మిది గీతలున్నాయి. ఫోటో తీసి పెడతాను. కానీ అది నాన్న అడుగు. మీటర్లలోకి మార్చాలంటే ఆయన్ని నడిపించి టేపుతో కొలవాలి.

—

ఇసుకలెక్క | ఆదివారం, రాత్రి 10:40

బాబూ, ఆ తలుపు మీద ఇంకెవరూ చెయ్యి వేయకుండా చూడు. నా దగ్గర 50 మీటర్ల టేపుంది, పాత లెవెల్ పరికరం కూడా ఉంది. రేపు పాటు ఎప్పుడో మీ నాన్నగారిని అడిగి చెప్పు, ఆ టైముకి వస్తాను.

—

పెదజాలారి | ఆదివారం, రాత్రి 10:58

అడిగాను. పొద్దున్నే అయిదున్నరకి రమ్మంటున్నారు. చెప్పులు వద్దట, ఒడ్డు జారుడుగా ఉందట.

—

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 11:03

నేనూ వస్తున్నాను. రాసుకోవడానికి పుస్తకం తెస్తాను. మెట్టు కింద కూడా కొలుద్దాం.